మన జట్టు అంటే ఎవరు?



ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి ఆవరణలో కాసేపు నిలబడి మన యువకుల మాటలు వినండి. ముందురోజు రాత్రి సెల్లులో కబడ్డీ చూసినవాడు “మనం గెలిచాం” అంటాడు. అదే జట్టు మరునాడు ఓడిపోతే “వాళ్లు ఓడిపోయారు” అంటాడు. గెలుపులో మనం, ఓటమిలో వాళ్లు! ఇది విని నేను చాలాసార్లు నవ్వుకున్నాను. తర్వాత ఒక సంఘటన జరిగింది, ఆ నవ్వు ఆగిపోయింది. దాని సంగతి చివర చెబుతాను. ముందు ఆ “మనం” అనే మాటను కొంచెం విప్పి చూద్దాం.

హాకీ ఇండియా లీగ్ 2024–25లో హైదరాబాద్ తూఫాన్స్ అనే జట్టు ఆడింది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్. బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3 తేడాతో మనవాళ్లు ఓడారు. చూశారా, నేనూ “మనవాళ్లు” అన్నాను! ఆ ఆట జరిగింది హైదరాబాద్‌లో కాదు, ఒడిశాలోని రూర్కెలాలో. ఫైనల్ ఒక్కటే కాదు, ఆ లీగ్‌లో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆ జట్టులో పెనాల్టీ కార్నర్లు కొట్టే గొంజాలో పెయిలాట్ సంగతి వినండి. అర్జెంటీనాలో పుట్టాడు. 2016 రియో ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా తరఫున జర్మనీ మీద మూడు గోల్స్ కొట్టి వారిని ఓడించాడు, స్వర్ణం గెలిచాడు. 2023లో భువనేశ్వర్‌లో ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఒంటిమీద ఉన్నది ఆ జర్మనీ చొక్కానే. రెండేళ్లు తిరిగేసరికి అదే మనిషి హైదరాబాద్ చొక్కా వేసుకున్నాడు. అతడు మనవాడా? అతడి గోల్‌కు భద్రాచలంలో కూర్చుని చప్పట్లు కొట్టినవాడి సంతోషం దొంగ సంతోషమా?

కాదనే నా అభిప్రాయం. మనిషికి ఇష్టం అనేది లెక్క చూసుకుని పుట్టదు. ఒక పేరు వినబడుతుంది, అది మన నేల పేరు, మనసు అటు పోతుంది. కోడలు మన ఇంట్లో పుట్టలేదు, అయినా ఏడాది తిరిగేసరికి “మా అమ్మాయి” అంటున్నాం కదా! అలాగే అనుకుందాం. కాని ఒక చిన్న తేడా ఉంది. కోడలికి జ్వరం వస్తే మనం రాత్రంతా మేలుకుంటాం. పెయిలాట్ కాలు బెణికితే మనం చానెల్ మారుస్తాం. ఖర్చు లేని ప్రేమ అది. తప్పు కాదు, కాని దాన్ని పెద్ద ప్రేమ అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

హైదరాబాద్‌కు హాకీ జట్టు ఇదే మొదటిది కాదు. 2005లో గచ్చిబౌలి మైదానంలో జరిగిన మొదటి ప్రీమియర్ హాకీ లీగ్‌ను గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. 2008తో ఆ లీగే మూతపడింది. ఆ జట్టు పేరు నేడు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? జెండా ఊపినవాళ్లు జెండా మడిచి ఇంటికి వెళ్లిపోయారు.

అయితే రూర్కెలా చుట్టుపక్కల సుందర్‌గఢ్ జిల్లాలో సంగతి వేరు. మన కోయగూడేల వంటివే అక్కడి ఊళ్లు. ఒరాఁవ్, ముండా, ఖరియా తెగలవారు. అందులో మన కతోలిక కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. పంటకోతలు అయ్యాక ఊరికీ ఊరికీ హాకీ పోటీ పెట్టుకుంటారు, గెలిచిన జట్టుకు బహుమతి ఒక మేకపోతు. వెదురుబొంగు వంచి కర్ర చేసుకుని ఆడిన పిల్లలు ఆ నేలనుండి ఒలింపిక్స్‌కు వెళ్లారు. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ ఆ జిల్లావాడే. 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. 2023లో అక్కడ బిర్సా ముండా పేరుతో సుమారు ఇరవై వేల మంది కూర్చునే మైదానం కట్టారు. మేకపోతు కోసం ఆడే ఆటలో కర్ర పట్టినవాడు ఎవరి కొడుకో చూసేవాళ్లకు తెలుసు. వాడు గోల్ తప్పితే సాయంత్రం వాడి తల్లిని పలకరించి ఓదార్చవలసింది కూడా వాళ్లే. ఆ రెండో పని టీవీ ముందు కూర్చున్నవాడికి లేదు.

ఇక మన కబడ్డీకి వద్దాం. తెలుగు టైటాన్స్ పుట్టింది 2014లో. ఆ సంవత్సరమే రాష్ట్రం రెండయింది. ఆ సంవత్సరమే పోలవరం పేరున మన భద్రాచలం చుట్టూ ఉన్న కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్టణం అంచున ఉన్న ఎటపాకకు నడిచి వెళ్తే నేడు రాష్ట్రం మారిపోతుంది. అసలు భద్రాచలం కూడా 1959కి ముందు తూర్పు గోదావరి జిల్లాలోదేనని మన పెద్దలకు గుర్తే. ఇన్నిసార్లు గీత జరిగిన నేల మీద ఉన్నాం మనం. గీతకు అటూ ఇటూ ఉన్న యువకులు మాత్రం ఒకే జట్టు పేరు చెప్పి కేకలు వేస్తున్నారు. గీతలు కాగితాల మీద గీసినంత త్వరగా మనసుల్లో గీయలేరు.

ఆ జట్టు పడిన కష్టాలు కూడా తక్కువేమీ కాదు. 2021–22లో 22 ఆటలకు ఒక్క గెలుపు. 2022లో రెండు. 2023–24లో మళ్లీ రెండే. అదీ పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్న సంవత్సరం! మూడు సీజన్లలో 66 ఆటలకు ఐదు గెలుపులు. అప్పటికీ విడవకుండా రాత్రుళ్లు మేలుకుని చూసినవాళ్లు మన విచారణలలో ఉన్నారు. 2025లో ఆ జట్టు ప్లేఆఫ్‌కు చేరినప్పుడు వారి ముఖాలు చూడవలసింది. ఓడిపోయేవారి పక్షాన నిలబడడం చిన్న గుణం కాదు. లాభం లేదని తెలిసీ ఉండిపోవడం నేర్పే బడులు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి? ఆ విధంగా అభిమానానికి నేను నమస్కరిస్తాను.

కాని ఆ ఓర్పు మన పిల్లల విషయంలో ఎందుకు ఉండదు? ఇదే నన్ను తొలిచే ప్రశ్న. టైటాన్స్‌కు మూడేళ్లు ఇచ్చిన మనం మన ఊరి జట్టుకు మూడు ఆటలు ఇవ్వలేకపోయాం.

ఇప్పుడు ఆ సంఘటన చెబుతాను. మా ఊళ్లో ప్రతి సంవత్సరం క్రిస్మస్ సెలవుల్లో వాలీబాల్ పోటీలు పెడతాం. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తాం. కూలికి పోయి వచ్చిన తల్లులు కొంగు ముడి విప్పి యాభై, వంద ఇస్తారు. “మన ఊరి పిల్లలు ఆడుతున్నారమ్మా” అని అడుగుతాం కనుక ఇస్తారు. కొన్నేళ్ల క్రితం కమిటీలో నేనూ ఒకడిని. బడిపంతులును కనుక లెక్కలు నాకు అప్పగించారు. వరుసగా రెండేళ్లు మొదటి రోజే ఓడిపోయాం. మూడో ఏడు కమిటీవారు ఒక నిర్ణయం చేశారు. పట్టణం నుండి ఇద్దరు షూటర్లను, ఒక లిఫ్టర్‌ను డబ్బిచ్చి తెచ్చారు. మన ఊరి పేరున్న బనియన్లు వారికి తొడిగారు. ఆ డబ్బు చందాలోనిదే. లెక్క రాసింది నేనే. “ఆటగాళ్ల ఖర్చులు” అని రాశాను.

అది ఒక భాగం. రెండోది ఇంకా బరువైనది. ఊరికి ఆవల అడవి అంచున గుత్తికోయల గుంపు ఉంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం కాలపు హింసకు తట్టుకోలేక వేలాది కుటుంబాలు గోదావరి ప్రాంతపు అడవుల్లోకి వచ్చాయి కదా, వారిలో కొందరు. ఆ గుంపులో పుట్టి పెరిగిన ఒక పిల్లవాడు సాయంత్రం పూట మా పిల్లలతో కలిసి ఆడేవాడు. నెట్ కట్టేది వాడు, విప్పేది వాడు. ఎగిరి కొడితే బంతి అవతల నేలకు అతుక్కుపోయేది. వాడి పేరు జట్టులో వేద్దామని పిల్లలే అడిగారు. కమిటీలో ఒక పెద్దమనిషి, “వాడు మన ఊరివాడు కాదు గదా, రేపు అవతలివాళ్లు అభ్యంతరం పెడతారు” అన్నాడు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. అరవై కిలోమీటర్ల అవతలి నుండి ముందురోజు రాత్రి బస్సు దిగినవాడు మన ఊరివాడయ్యాడు. పదిహేడేళ్లుగా మన వాగు నీళ్లు తాగినవాడు కాలేదు. ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు.

కమిటీ పక్షాన చెప్పవలసినది కూడా చెప్పాలి. “లీగుల్లో కొనడం లేదా? పెయిలాట్‌ను కొంటే తప్పు లేనప్పుడు మా షూటర్‌ను కొంటే తప్పేమిటి?” అని ఒకతను నన్ను తర్వాత అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నాకు వెంటనే జవాబు తోచలేదు. చాలా రోజులు ఆలోచించాను. డబ్బు పుచ్చుకుని ఆడడంలో పాపం లేదు. పనివాడు తన కూలికి తగినవాడే. పరాయి ఊళ్లో పుట్టడంలోనూ పాపం లేదు. లీగు వేలం అందరి కళ్లెదుట జరుగుతుంది, ఎవరి ధర ఎంతో పత్రికల్లో వస్తుంది. చూసేవాడు మోసపోవడం లేదు. మేము మాత్రం “మన పిల్లలు” అని చెప్పి డబ్బు తెచ్చి, ఇంకొకరికి ఇచ్చాము. అది మొదటి తేడా. ఇక లీగు అమ్మేది వేడుకను, కనుక మంచి ఆటగాడిని తెచ్చుకోవడమే దాని ధర్మం. ఊరి జట్టు పెట్టుకున్నది మన పిల్లలు ఓడడం, గెలవడం, ఒకరినొకరు భరించడం నేర్చుకోవడానికి. వారిని గట్టు మీద కూర్చోబెట్టి కప్పు తెచ్చుకుంటే ఇంటికి వచ్చింది కప్పు మాత్రమే.

ఆ సంవత్సరం మేము గెలిచాం. మైకులో ఊరి పేరు మారుమోగింది. కప్పు ఇప్పటికీ పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంది. బహుమతి తీసుకునే సమయానికి ముగ్గురిలో ఇద్దరు బస్సుకు వెళ్లిపోయారు.

పొరుగువాడు ఎవరు అని అడిగిన ధర్మశాస్త్ర బోధకుని ప్రశ్న మీ అందరికీ తెలుసు. జట్టువాడు ఎవరు అనేది దాని చిన్న తమ్ముడు. మనం ఆ ప్రశ్నను సాధారణంగా పుట్టుకతో, పత్రాలతో, ఆధార్ కార్డులో రాసిన చిరునామాతో తేల్చేస్తాం. కాని మనకు ఉపయోగపడినప్పుడు అవన్నీ పక్కన పెట్టేస్తాం. ఆ పట్టణం షూటర్ చిరునామా మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అతన్ని అడగలేదు. అంటే మా నియమం నియమమే కాదన్నమాట. ఎవరిని వద్దనుకున్నామో వారికోసం మాత్రమే దాన్ని బయటికి తీశాం.

ఈ సంవత్సరం పోటీల కాగితం మళ్లీ నా చేతికి వచ్చింది. కమిటీలో లేను గాని, రాత బాగుంటుందని పిల్లలు తెచ్చారు. పన్నెండు పేర్లు రాయాలి. పేరు, వయస్సు, ఊరు – మూడు గడులు. పదో పేరు దగ్గర పిల్లలు ఆగి, అతన్ని పిలుచుకుని వచ్చారు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, మిరపకోతలకు వెళ్తున్నాడు. పేరు చెప్పాడు, రాశాను. వయస్సు చెప్పాడు, రాశాను. ఊరు అనే గడి దగ్గర నేను తల ఎత్తి చూశాను.

“సారూ, మీరే చెప్పండి, ఏ ఊరు రాస్తారో” అన్నాడు.