ఊయెల చెంత కైంకర్యము

ఇంట బిడ్డ పుట్టినది. జాతాశౌచము పది దినములు గడచినవి. పుణ్యాహవాచనమై, తిరువారాధనము మరల ఆరంభమైనది. కాని తల్లికి పూర్వపు తీరిక లేదు. స్తోత్రపాఠమునకు కూర్చుండునంతలో ఊయెలలో కదలిక. కడుపునిండ పాలు త్రాగిన బిడ్డ నిద్రింపక కన్నులు విప్పి చూచుచుండును. ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుటను ఎవ్వరును తప్పుపట్టరు. ఏడ్వని బిడ్డతో ఊరక పలుకుచు, ఆడుచు కూర్చుండిన గడియ మాట యేమి? భగవంతునకు చెందవలసిన కాలమును అది హరించుట లేదా? పలు గృహములలో ఈ సంశయము అత్తగారి నోటనో, తల్లి మనస్సులోనో మెదలుచునే యుండును.

సంశయమునకు ఆధారము లేకపోలేదు. భాగవత పంచమస్కంధమున భరతుని చరిత్రము కలదు. రాజ్యమును త్యజించి గండకీతీరమున హరిని ఆరాధించుచున్న ఆ మహనీయుడు, తల్లిని కోల్పోయి ఏటిలో కొట్టుకొనిపోవుచున్న లేడికూనను తీసి పెంచెను. దానిని లాలించుటలో నియమములు ఒక్కొక్కటిగా జారిపోయెను. అంత్యకాలమున దానినే తలచి లేడియై జన్మించెను. లేడికూనయే ఇంత బంధమైనపుడు కన్నబిడ్డ మాట చెప్పవలయునా అని అడుగువారు కలరు.

అయితే భరతుడు ఆ కూనను కాపాడుటను భాగవతము నిందింపలేదు. ‘ఇది నాది’ అను అభిమానము ఆయనను కట్టివేసినది. మన సంప్రదాయమున జీవులెల్లరు శ్రీమన్నారాయణునకు శేషభూతులు. ఒడిలోని పసికందును ఆయన సొత్తే, తల్లిదండ్రులకు అప్పగింపబడినది. స్వామి సొత్తును కనిపెట్టుకొని యుండుట కైంకర్యమునకు విఘ్నమెట్లగును? శ్రీవిల్లిపుత్తూరున వటపత్రశాయికి పూమాలలు సమర్పించిన విష్ణుచిత్తులు, తులసీవనమున లభించిన గోదాదేవిని ముద్దుగా పెంచిరి. అందువలన మాలాకైంకర్యము నిలిచిపోలేదు.

పాండ్యరాజు సభలో పరతత్త్వమును స్థాపించిన ఆ పెరియాళ్వారే తమ తిరుమొళిలో యశోదయై చిన్నికృష్ణుని ఆడించిరి. ఊయెల పాట, చందమామను పిలుచుట, చేతులు చరచుట, తప్పటడుగులు, వెనుకనుండి వచ్చి వీపును కౌగిలించుకొనుట, ఒక్కొక్కదానికి ఒక్కొక్క దశకము. ఆ వరుసలో ఊయెల పాటకంటె ముందున్నది శిశువును పాదములు మొదలు శిరస్సు వరకు తనివితీర చూచుట. (బిడ్డను ఆడించుట స్త్రీల పనియని పురుషులు తొలగిపోవుటకు ఇచట ఆధారము దొరకదు.)

చూచుటయే మొదటి ఆట యనుట నేటి వైద్యులకును సమ్మతమే. అప్పుడే పుట్టిన బిడ్డకు చూపు ఆనునది 20 మొదలు 30 సెంటీమీటర్ల దూరమున, అనగా జానెడు, జానెడుకు కొంచెము పైన. ఒడిలో పాలు త్రాగునపుడు తల్లి మోము ఉండునది ఆ దూరముననే. ఆమె కంఠస్వరము గర్భముననే విన్నది గనుక బిడ్డకు క్రొత్త కాదు. ఒక మాట పలికి కొంత ఆగవలయును. బిడ్డ కాలు ఆడించుటయో, పెదవి కదపుటయో దాని బదులు. బదులునకు మరల బదులు పలుకుటవలన మెదడులోని నాడీబంధములు బలపడును. 6 మొదలు 8 వారములలో బిడ్డ మోము చూచి నవ్వుట ఆరంభించును. మొగము త్రిప్పుకొన్నను, ఆవులించినను ఇక చాలునని అర్థము. అప్పుడు ఆడించుట మానవలయును. మెలకువగా నున్నపుడు పెద్దల కన్నుల యెదుట కొంతసేపు బోర్లా పరుండబెట్టిన మెడ నిలుచును. నిద్రకు మాత్రము వెల్లకిలనే. మెడ నిలువని బిడ్డను ఎగురవేయుట, కుదుపుట ఎన్నడును తగదు.

ఆ వేళ పలుకు మాటలు గోవిందనామములైనచో మరియు మేలు. కాని గ్రంథముపై కన్ను, ఊయెలపై కాలు ఉంచి చేయు పారాయణము బిడ్డకును చాలదు, స్వామికిని చాలదు. పారాయణమునకు వేరొక గడియ చూచుకొనవచ్చును; లేదా ఇంటిలోని మరియొకరు బిడ్డ చెంత కూర్చుండవచ్చును.

బిడ్డ పేరిట జరుపు వేడుకలలోనే బిడ్డను మరచుట మన యిండ్లలో అరుదు కాదు. బోర్లా పడిన బొబ్బట్లు, అడుగు వేసిన అరిసెలు; వంటయింట సందడి, వాకిట బంధువులు. దశమస్కంధమున నందుని యింటను ఇట్లే జరిగినది. కృష్ణుడు ఒత్తిగిల్లిన నాడు ఉత్సవము. అభిషేకము, బ్రాహ్మణుల ఆశీర్వచనము, దానములు ముగిసినవి. నిద్రించిన బాలుని ఒక బండిక్రింద పరుండబెట్టి యశోద అతిథుల సేవలో మునిగెను. పాలకై అతడు ఏడ్చిన ఏడ్పు ఆమె చెవిని పడలేదు. చిన్నిపాదములు ఎత్తి తన్నెను. బండి తలక్రిందులై, పాత్రలు పగిలి, చక్రములు ఊడిపడెను. ఇదెట్లు జరిగెనని గోపవృద్ధులు విస్తుపోయి చూచుచుండిరి. ఆ వేళ శిశువు చెంత ఉన్నవారు అచట ఆడుకొనుచున్న పిల్లలు మాత్రమే. వారు చూచినది చూచినట్లు చెప్పిరి. చిన్నపిల్లల మాటయని పెద్దలు నమ్మలేదు.