బుగులు వేంకటేశ్వరుడు వకీలుకు చెప్పే మాట

ఓం నమో వేంకటేశాయ.

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీద వెలసిన స్వామిని మనం బుగులు వేంకటేశ్వరుడు అంటాం. బుగులు అంటే మన దగ్గర దిగులు, భయం. పెళ్లికి కుబేరుని దగ్గర తెచ్చిన అప్పు ఎట్లా తీర్చాలా అన్న బుగులుతో స్వామి ఈ గుట్టకు వచ్చి తపస్సు చేశాడని స్థలపురాణం.

ఒక వకీలుగారు నన్ను అడిగారు: "ఇవాళ జనగామ, రేపు మహబూబాబాద్, ఎల్లుండి హైదరాబాద్. సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ సాయంత్రానికి తెగకపోతే మర్నాడూ అక్కడే. బిడ్డ పుట్టినరోజుకు కూడా అందలేదు. నా ధర్మం ఏది గురువుగారూ?"

రెండూ ధర్మాలే నాయనా. జైల్లో ఉన్న మనిషి మీ మీదే ప్రాణం పెట్టుకున్నాడు. ఇంట్లో బిడ్డా అంతే. ఇది ఈనాటి చిక్కు కాదు. ఏడాది పని అని 1893లో దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీగారు భార్యాపిల్లల దగ్గరికి తిరిగొచ్చింది 1896లో!

మరి దారేమిటి? స్వామికి వడ్డీకాసులవాడని పేరు. అసలు కలియుగాంతానికి గానీ తీరదట, కానీ వడ్డీ మాత్రం ఆగదు. సంసారం బాకీ కూడా అంతే. పోయిన రోజులు తిరిగి ఇవ్వలేం, అసలు ఒక్కసారే తీర్చలేం. వడ్డీ తప్పకుండా కడితే చాలు.

ఆ వడ్డీ ఏమిటి? ఎంత పొద్దుపోయినా పిల్లలు పడుకునేలోపు ఒక ఫోను. ఇంట్లో ఉన్న పూట కేసు కట్టలు పక్కన పెట్టి అందరితో కలిసి భోజనం. అన్నింటికన్నా ముఖ్యం, నిజం చెప్పడం. కోర్టులోనే ఉండి "బయల్దేరాను" అనొద్దు. "ఇంకా తెగలేదు, ఐదు దాటితే చెప్తా" అనండి. రాకపోవడం కన్నా, వస్తాడో రాడో తెలియకపోవడమే ఇంట్లోవాళ్లకు బుగులు.

ఇంకో మాట. తండ్రికి ఆపరేషన్, బిడ్డకు జ్వరం... ఇవి వాయిదా వేసేవి కావు. అప్పుడు న్యాయమూర్తిగారికి ఉన్నదున్నట్టు చెప్పి వాయిదా అడగడం తప్పు కాదు. ఊరికే వాయిదాలు అడగనివాడి మాటకు ఆ రోజు విలువ ఉంటుంది.

అమ్మా, ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఆయన రాగానే లెక్కలు తీయకండి. ముందు మంచినీళ్లివ్వండి. అడగాల్సింది తర్వాత అడగండి, అడగడం మీ హక్కు.

బాకీ ఉందని స్వామి దాక్కోలేదు, తపస్సు చేశాడు. మనమూ ఇంటినుంచి తప్పుకోకుండా, ఇవాళ్టి వడ్డీ ఇవాళే కడదాం.

గోవిందా గోవింద!