జీర్ణోద్ధారణము

గడచిన వేసవి సెలవులలో నల్లగొండయందు మా వీధి చివరి యింటి వాకిట, వేపచెట్టు క్రింద, ఒక పాతకారు విప్పబడి యుండెను. ఉక్కుచట్రము ఇటుకలమీద నిలిచియుండగా, దాని పైతొడుగును నలుగురు మనుష్యులు ఎత్తి ప్రహరీగోడ ప్రక్కన దింపియుండిరి. నలుగురు మోసిరని విని చదువరులు ఆశ్చర్యపడవలదు. ఆ తొడుగు ఇనుము కాదు, ఫైబర్‌గ్లాసు. దానిని బాగుచేయుచున్న యువకుడు నా తొలి విద్యార్థులలో ఒకడు. కారు అతని తండ్రిది. తండ్రి పశువైద్యుడు, ఆరేండ్ల క్రిందట గతించెను.

ఆ బండి పేరు డాల్ఫిన్. బెంగుళూరులోని సిపానీ ఆటోమొబైల్స్ వారు 1982లో దీనిని బజారునకు తెచ్చిరి. ఇంగ్లండులోని ట్యామ్‌వర్త్ పట్టణమున రిలయంట్ కంపెనీవారు చేసిన కిట్టెన్ అను చిన్నబండి దీనికి మూలము. ఎంజిను 848 సీసీలది. బరువు తక్కువ గనుక ఆ చిన్న ఎంజినే దీనిని చురుకుగా లాగెడిది. ఈ కారును పశువులు నమలివేయునని ఆ రోజులలో దేశమంతట పరిహాసముండెను. పశువైద్యుడే దానిని కొనుటతో మా ఊరిలో ఆ పరిహాసమునకు మఱింత బలము చేకూరినదట. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట ఇట్టి బండ్లకు కాలము క్రమముగా తీరిపోయినది.

ఇంగ్లండులో కిట్ కారు అను వాడుక చాలకాలముగా గలదు. తొడుగు, చట్రము, తక్కిన సామగ్రి విడివిడిగా కొనితెచ్చి, మనవారు విప్పిన మంచమును కూర్చుకొనునట్లు, ఇంటియొద్దనే బండిని కూర్చుకొందురు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అట్టివానిలో పేరెన్నిక గన్నది. విడిభాగములకు అచ్చట కొనుగోలు పన్ను పడకుండుటయే ఆ యుత్సాహమునకు ఒక ముఖ్యకారణము. 1973లో పన్ను విధానము మారగానే ఆ లాభము పోయినది. స్వయంకృషియందు మనుజునకు గల ప్రీతిని గూర్చి ఉపన్యసించువారు ఈ పన్ను సంగతిని మఱచుచుందురు. మన దేశమున ఆ వాడుక వేరూనలేదు. డాల్ఫిన్ కర్మాగారమున కూర్చబడిన బండియే; అయినను బోల్టులు విప్పినచో తొడుగొకటి, చట్రమొకటి యగును గనుక, వేపచెట్టు క్రింద నేను చూచినప్పుడు దానికిని కిట్ కారునకును భేదము లేకుండెను.

ఈ ఫైబర్‌గ్లాసు స్వభావమును కొంత తెలిసికొననిదే నేను చెప్పబోవు ప్రశ్న తేటపడదు. గాజును సన్నని నారగా తీసి, ఆ నారను చాపవలె పఱచి, దానిపై రెజిన్ అను జిగురుద్రవమును తడిపి, అచ్చులో ఆరనిత్తురు. జిగురు గట్టిపడుటకు హార్డెనరు అను ద్రవమును నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే కలుపవలెను. మా మే నెల యెండలో అదియును ఎక్కువే. కలిపిన గిన్నె చేతిలోనే కాగి పొగలు గ్రక్కును. ఆరిన పిమ్మట ఆ తొడుగు త్రుప్పు పట్టదు. అదియే దాని గొప్ప. ఆ గొప్పయే ఈ బండికి చేటు తెచ్చినది. పైకి ఏ మచ్చయు కానరాకుండుటచే క్రిందికి వంగి చూచినవారు లేరు. చక్రముల దాపున ఎఱ్ఱమన్ను పేరుకొనిన చోటులందెల్ల ఉక్కుచట్రము లోలోపల పొరలు పొరలుగా రాలిపోయినది. మా విద్యార్థి సుత్తితో మెల్లగా తట్టినంతనే ఒకచోట గుప్పెడు త్రుప్పు నేలరాలెను. నునుపైన తొడుగులు గల సంసారములు నాకు చాల తెలియును గాని, అది ఇచ్చటి ప్రసంగము కాదు.

చట్రములో ఒక పొడవుకమ్మిని, రెండు అడ్డకమ్మిలను కోసివేసి క్రొత్తవి వెల్డింగు చేయవలసివచ్చెను. ఎంజినులో పిస్టనులు మారినవి. సీట్లు, తీగెలు, గొట్టములు, అద్దముల రబ్బర్లు అన్నియు క్రొత్తవే. ఒకనాటి సాయంకాలము అతడు చేతులు తుడుచుకొనుచు, "సార్, ఇక ఇది నాన్న కారేనా?" అని నన్నడిగెను. నవ్వుచునే అడిగెను గాని, నవ్వుటకై అడిగినది కాదు.

ఈ ప్రశ్న ప్రాచీనమైనది. నాగసేనుడు మిళిందరాజును, నీవు వచ్చిన రథమేది, ఇరుసా, చక్రములా, కాడియా అని అడిగి, వేనియందును రథము కానరాదని, ఆ కూర్పునకు వాడుకచే కలిగిన పేరే రథమని ఒప్పించెను. గ్రీకులు థీసియసు ఓడను గూర్చి వాదులాడిరి. పలకలన్నియు మారిన ఓడ ఆ ఓడయేనా యని. 17వ శతాబ్దిలో హాబ్సు ఆ వాదమునకు మఱొక చిక్కు చేర్చెను: తీసివేసిన పాతపలకలను ఎవడో కూడబెట్టి మఱొక ఓడ కట్టినచో, రెంటిలో ఏది అసలుది? ఫైబర్‌గ్లాసు మూడవ చిక్కును తెచ్చినది. తొడుగునకే అచ్చు తీసి, ఆ అచ్చులో మఱొక తొడుగును పోయవచ్చును. అప్పుడు పాతపలక యొక్కటియైన లేకయే పాత ఆకారము తుచ తప్పక నిలుచును. రవాణా శాఖవారికి ఈ సందేహములు లేవు. వారి పుస్తకమున చట్రముపై చెక్కిన అంకెయు, ఎంజిను అంకెయు ఉండును. అవి సరిపోయినచో బండి అదే. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నిబంధనల ప్రకారము ఏబదియేండ్లు దాటి, చట్రము, తొడుగు, ఎంజిను పెద్దమార్పు లేక నిలిచిన బండికి మాత్రమే ప్రాచీనవాహనమను గౌరవము దక్కును. ఈ బండికి ఇంకను వయసు చాలదు. చాలునాటికి అర్హతయు ఉండదు.

మన ప్రాంతము ఈ ప్రశ్నను కార్లకంటె చాల పెద్ద వస్తువుల విషయమున ఎదుర్కొన్నది. శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాళ్లకు అంకెలు వేసి విప్పి, పాలమూరు జిల్లాలో నాడు చేరియున్న ఆలంపురమున మఱల కూర్చిరి. నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, సాగరము నిండకమునుపే అచ్చటి కట్టడములలో కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపునకు చేర్చి నిలిపిరి. ఆలంపురములో ఆ గుడిముందు నిలిచినప్పుడెల్ల నాకు రెండు భావములు కలుగుచుండును. రాళ్లు అవియే. సంగమము మాత్రము లేదు. కృష్ణా తుంగభద్రలు కూడు చోటనుండి వచ్చి, ఆ పేరును మోసికొని, పొడినేలపై నిలిచియున్నది. అయినను నీటిలో మునిగి పోయియుండుటకంటె ఇది మేలని ఎవరు కాదందురు? యాదగిరిగుట్టలో 2016 నుండి 2022 మార్చి వరకు స్వామిని బాలాలయమున సేవించిరి. ఆ లోపల ప్రధానాలయము క్రొత్తరాతితో లేచినది. ఆగమము తెలిసినవారు సాన్నిధ్యమును మొదట వేఱొకచోటికి తరలించి పిమ్మట గోడలను ముట్టుకొందురు. ఏది మారరాదో తేల్చుకొనిన పిదపనే ఏది మార్చవచ్చునో చూచుట అందలి క్రమము.

నేను ఆ క్రమమునే మా విద్యార్థికి ఉపదేశించితిని. బరువు మోయు భాగములను కనికరము లేక మార్చుము. అచ్చట పాతదానిపై మమకారము చూపుట రోడ్డుమీది పరులకు అపాయము. బరువు మోయక, జరిగినదానిని చెప్పుచుండు భాగములను నిలుపుము. క్రొత్తగా చేసినది పాతదానివలె నటింపరాదు. పురాతన కట్టడముల విషయమున 1964 నాటి వెనీసు ఒడంబడికలో ఇట్టి నియమమే కలదు: లోపించిన చోట చేర్చునది మొత్తముతో పొసగవలెను గాని అసలుదానినుండి గుర్తింపదగినదై యుండవలెను. ఇంత చెప్పి, తొడుగు ఎడమప్రక్క వెనుకచక్రముపైనున్న అతుకును చూపించితిని.

ఆ అతుకు ఆ వీధిలో అందఱికి తెలిసినది. 1990వ దశకములో దేవరకొండ త్రోవలో ఒక గేదె అడ్డుపడగా ఆ మూల పగిలినదట. అరచేతికంటె కొంచెము పెద్దదిగా, అంచులు ఎగుడుదిగుడుగా, రంగు క్రిందనుండి ఉబ్బి కనబడుచుండెడిది. చుట్టును సాలెగూడువంటి పగుళ్లు. మా విద్యార్థి దానిని కోసివేసి నునుపు చేయదలచెను. "అది మీ నాయన చేయి, దానిని చెరిపినచో నీకు మిగులునది బెంగుళూరువారి బండి" అని నేను పట్టుపట్టితిని. అతని భార్యకు మాత్రము మా వాదమంతయు వింతగా తోచెను. ఆ వేసవిలో వెల్డింగునకు, రెజినునకు, సామగ్రికి అయిన ఖర్చును ఆమె ఒక పుస్తకమున వ్రాయుచుండెను. ఒకనాడు ఆ పుస్తకమును మా ముందుంచి, మాటాడక లోనికి పోయెను. ఇంటిలో అత్తగారి కంటి శస్త్రచికిత్స రెండుసార్లు వాయిదా పడినదని తరువాత తెలిసినది. జీర్ణవస్తువునకు చేయు సేవ జీవించియున్నవారి పాలిటనుండి తీసినదైనచో దానిని భక్తియని పిలుచుటకు నా నోరు రాదు. ఈ మాట అతనితో గట్టిగా చెప్పితిని. పనిని ఒక నెల ఆపి, ఆ శస్త్రచికిత్స జరిపించెను.

కట్టు విప్పిన పిమ్మట ఆ వృద్ధురాలు వాకిటికి వచ్చి కూర్చుండెను. అప్పటికి అతుకును బయట ముట్టక, లోపలివైపునుండి బలపఱచుటకు మేము ఒప్పుకొనియుంటిమి. క్రొత్త రెజిను పట్టవలెనన్నచో పాత ఉపరితలమును గరుకుచేయవలెను. నున్నని దానిపై పోసినది ఎండి ఊడివచ్చును. అతడు ముక్కునకు ముసుగు కట్టుకొని లోపలివైపు అరుగదీయుచుండగా, తెల్లని దుమ్ములో ఒక రంగు కనబడెను. ఆపి చూచితిమి. రెజినులో గాజునార క్రింద చిక్కుకొనియున్నది ఒక గుడ్డ. ఎఱుపు నలుపుల పోచంపల్లి నేత, అంచు అస్పష్టముగా అద్దినట్లు. పశువైద్యుని చేతిపనిలో చీరముక్క యెందుకున్నదని నేను ఆలోచించుచుండగనే ఆమె అనెను:

"సారూ, గా అతుకు ఆయన ఏసిండని మీకెవరు జెప్పిన్రు? నేనేసిన. ఆయన చేతికి కట్టుండె. స్టూలు మీద గూసొని చెప్తుండె, నేను జేసిన. గాజుబట్ట తక్వ వడ్డది, చీర చింపి ఏసిన. అందుకే మంచిగ పట్టలే. వంకర వడ్డది. తీసెయ్యమనున్రి."

పశువైద్యుడు ఎవరితోను అసత్యమాడినట్లు లేదు. నీవే అతికితివా యని ఎవరును అతనిని అడుగలేదు. కారు అతనిది గనుక అతుకును అతనిదేయని ఊరు తలచినది. ఆయన దిద్దలేదు. ఆమెయు దిద్దలేదు. ముప్పదియేండ్లు ఆ మౌనము సాగినది. నేను, వెనీసునుండి వాదమును తెచ్చినవాడను, ఇంటిలోనున్న మనిషిని ఒక్కమాట అడుగక ఆ అతుకునకు కర్తను నిర్ణయించితిని. మన వంటిండ్లలో, పొలములలో, చేనేత మగ్గముల యొద్ద ఇట్టి అతుకులెన్ని ఇతరుల పేర చెల్లుచున్నవో చదువరులు తమ తమ యిండ్లలోనే వెదకికొనవచ్చును.

అది స్త్రీ చేతిపని యని తెలిసినంతనే నాకు ఆ అతుకు మఱింత విలువైనదిగా కనబడెను. ఉంచవలసినదేయని మఱల వాదించితిని. ఆమె వినలేదు. చెడ్డపనిని తన గుర్తుగా ఉంచుట ఆమెకు ఇష్టము లేదు. అప్పుడు తొందరలో, సామాను చాలక, తెలియక చేసినది. ఇప్పుడు తెలిసినది, సామానున్నది, కన్నులును బాగుపడినవి. నా వాదమునకు ఇచ్చట సమాధానము దొరకలేదు. జరిగినదానిని చెప్పు భాగమును నిలుపవలెనని నేనంటిని. ఆ చెప్పెడు మాట ఆమెది గనుక దానిని మార్చు అధికారమును ఆమెదే కాదా? కాదనుటకు నాకు హేతువు దొరకలేదు. ఆలంపురపు రాళ్లు అట్లు మాటాడవు గనుక అచ్చట మన నియమములు సులభముగా చెల్లుచున్నవి కాబోలు. అయినను, ఆమె తరువాతి తరమువారికి ఆ చీరముక్కయే ఎక్కువ చెప్పియుండెడిదేమో యను శంక నన్ను విడువలేదు, ఇప్పటికిని విడువలేదు.

అతుకును కోసితిమి. పగులు ముందుకు ప్రాకకుండ దాని కొనలందు చిన్న రంధ్రములు వేసి, అంచులను ఏటవాలుగా అరుగదీసితిమి. ఆమె పాతవార్తాపత్రికపై కొలత గీసి, గాజునారను కత్తిరతో మూడు పొరలుగా, ఒకదానికంటె ఒకటి పెద్దదిగా కత్తిరించెను. కోడలు గిన్నె పట్టుకొనెను. నేను హార్డెనరును చుక్కలుగా లెక్కపెట్టి పోయుచుంటిని. "సాలు సారూ, ఎండ జూడున్రి" అని ఆమె నా చేయి ఆపెను. ఆపునప్పటికే రెండు చుక్కలు ఎక్కువ పడినవి, గిన్నె వేడెక్కసాగెను. అందఱము బ్రష్షులు తీసికొని తొందరపడితిమి.