బడిలో బిడ్డకు ఏం కావాలి?



పిల్లవాడు బడికి వచ్చేది చదువుకోవడానికే. అయితే వాడి ఆకలి, భయం, దిగులు కూడా వాడితోపాటే వస్తాయి. వాటిని గుమ్మం దగ్గరే వదిలి రమ్మనగలమా? పాఠం చెప్పడమే నా పని, మిగతాది తల్లిదండ్రులు చూసుకోవాలి అని ఉపాధ్యాయుడు చేతులు దులుపుకోవడం న్యాయమేనా?

1943లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో మనిషి అవసరాల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆకలిదప్పులు, భద్రత, ఆప్యాయత, గౌరవం కొంతైనా దక్కితేనే మనిషి తనలోని శక్తిని వెలికి తీయగలడని దాని సారాంశం. అదే ఏడు నాటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఇలాంటి ఆలోచనే బడి రూపం దాల్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల బాధలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను నియమించింది. ఆయన చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. తనవాడైన పంతులు తన తల్లి భాషలో పాఠం చెబుతుంటే, ఈ బడి నాది అని ఆ బిడ్డకు తోచదా?

నేడు కొన్ని అవసరాలను చట్టమే గుర్తించింది. 2003 నుండి మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండి పెడుతున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలంది. కాని పేరుపెట్టి పిలవమని, ముఖం ఎందుకు చిన్నబోయిందని అడగమని ఏ చట్టం చెప్పగలదు? కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి బిడ్డకు, గల్ఫ్‌కు పోయిన తండ్రి కోసం ఎదురుచూసే బిడ్డకు ఆ పలకరింపే కొండంత బలం.

నలభై మంది ఉన్న తరగతిలో ఇది సాధ్యమా అని ఉపాధ్యాయులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. అందరి ఇంటి కష్టాలూ ఒక్కరు తీర్చలేరు. అయితే తీర్చడం వేరు, గుర్తించడం వేరు. మంచినీళ్లకు వెళ్తానన్న పిల్లను కసురుకోకపోవడానికి, ఫీజు బాకీ ఉన్నవారి పేర్లు నలుగురిలో చదవకపోవడానికి అదనపు సమయం అక్కరలేదు. ఈ మాట మన మిషన్ బడులకూ వర్తిస్తుంది సుమా!

యాయీరు కుమార్తెను లేపిన తరువాత, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ప్రభువు చెప్పారు. అంతటి అద్భుతం జరిగిన వేళ కూడా ఆ పన్నెండేళ్ల పిల్ల ఆకలి ఆయనకు చిన్న విషయంగా తోచలేదు.

తల్లిదండ్రులారా! సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మార్కుల సంగతి కంటే ముందు, ఎవరి పక్కన కూర్చొని తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు అని అడగండి. జవాబు చెప్పలేక బిడ్డ తల దించుకుంటే, మరునాడే వెళ్లి ఉపాధ్యాయుని కలవండి. తగవుకు కాదు, కలిసి ఆలోచించడానికి.