ఇల్లు కదిలితే

ఇల్లు అమ్ముకోవడం లోకంలో కొత్త కాదు. నేలను ఉంచుకుని, దాని మీది ఇంటిని మాత్రం అమ్మడం మనకు వింతగా తోస్తుంది. కేరళలో పాత కొయ్య ఇళ్ళు కొన్నిటికి జరిగింది అదే. దీన్ని రక్షణ అనాలా, విక్రయం అనాలా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

ఆ ఇళ్ళ కట్టుబడే అందుకు వీలిచ్చింది. టేకు, పనస చెక్కలతో గోడలు. ఒక కొయ్య కొసను చెక్కి, మరో కొయ్యకు తొలిచిన గాడిలో దూర్చి, ఇనుప మేకుతో పని లేకుండా చెక్క చీలలతో బిగిస్తారు. బిగించిన వరసకు ఎదురు వరసలో విప్పితే ఇల్లంతా ఊడివస్తుంది. ముక్క ముక్కకూ అంకె వేసి, లారీ కెక్కించి, వేరే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టవచ్చు. చెద తిన్న ముక్క బదులు కొత్తది పెడతారు. పది ముక్కలు మారిస్తే అదే ఇల్లు. సగం మారిస్తే? తర్కం చదివినవారు దీని మీద ఎంతసేపైనా వాదించగలరు. వడ్రంగి వాదించడు, గాడి కుదిరిందా లేదా అని చూస్తాడు. నేను అతని పక్షమే.

అసలు చిక్కు కొయ్యలో లేదు, మనుషుల్లో ఉంది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. 1975 నాటి చట్టంతో కేరళలో హిందూ ఉమ్మడి కుటుంబ పద్ధతే రద్దయింది. ఒక్కో ఇంటికి ఎందరో వాటాదారులు. కప్పు కారితే బాగుచేయించే బాధ్యత అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. అలాంటి ఇంటిని అమ్మినవాణ్ణి “తాతల కొంప తెగనమ్మాడు” అని ఆడిపోసుకోవడం సులువు. ఆడిపోసుకునేవాడు ఏనాడూ ఒక పెంకు కొనిచ్చి ఉండడు.

చెన్నైకి దక్షిణాన ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో, పుతుప్పళ్ళి నుంచి తెచ్చి నిలబెట్టిన సిరియన్ క్రైస్తవుల ఇల్లు ఉంది. ఆ చెక్క గోడల మీద చెయ్యి వేసి చూశాను. పొయ్యి రాజెయ్యని ఇల్లు మరీ శుభ్రంగా ఉంటుంది! అదే ఆవరణలో మన కోస్తా చుట్టిల్లూ ఉంది. మట్టి గోడలను విప్పి తేలేరు గదా, తెలిసిన చేతులు మళ్ళీ కట్టాల్సిందే. కొయ్య ఇల్లు వస్తువుగా ప్రయాణం చేస్తే, మట్టి ఇల్లు విద్యగా ప్రయాణం చేసింది. శతాబ్దాల కిందట తమిళదేశం చేరిన మనవాళ్ళు భాషను తెచ్చుకున్నది ఈ రెండో పద్ధతిలోనే. దానికి ఇక్కడి మట్టి అంటిందని కొందరు నవ్వుతారు. అంటకపోతే గోడ నిలిచేదా?

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కారైక్కుడి పాత సామాన్ల అంగళ్ళలో చెట్టినాడు ఇళ్ళ బర్మా టేకు స్తంభాలు విడివిడిగా అమ్మకానికి ఉంటాయి. ఒకటి ఒకరి హాల్లోకి, దాని జోడీ ఇంకెవరి తోటలోకో పోతుంది. ఇల్లు కదలడం వేరు, చెదరడం వేరు. కదిలిన ఇంటిని దాని వడ్రంగి చూస్తే గుర్తుపడతాడు. హాల్లో ఒంటరిగా నిలబెట్టిన స్తంభం దేన్నీ మొయ్యదు.

కుమరకంలో వేంబనాడు సరస్సు ఒడ్డున అతిథిగృహాలుగా మారిన పాత ఇళ్ళున్నాయి. వాటికి స్నానాల గదులు తగిలించారని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. రాత్రి దీపం వెలిగి, ఎవరో ఒకరు నిద్రపోయే ఇల్లే నాకు మేలనిపిస్తుంది. కొన్నవాణ్ణి నేను అడిగేది ఒక్కటే: ఇది ఏ ఊరి ఇల్లో, తెలిస్తే ఎవరి చేతి పనో, గుమ్మం పక్కన రాసిపెట్టమని. వేడినీళ్ళ గొట్టం ఎటునుంచి వేసుకుంటాడో అతని ఇష్టం.