తెలియదని తెలిసిన కోతి

తెర మీద ఒక బొమ్మ వెలిగి ఆరిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కోతి ముందు రెండు గుర్తులు వచ్చాయి. ఒకటి ముట్టుకుంటే పరీక్ష: నాలుగు బొమ్మల్లో ఇందాకటిది పట్టుకోవాలి. సరిగ్గా పడితే వేరుశనగ గింజ, తప్పితే ఏమీ రాదు. రెండో గుర్తు ముట్టుకుంటే పరీక్ష ఉండదు, అంత రుచి లేని మామూలు మేత గుళిక మాత్రం ఖాయంగా దొరుకుతుంది.

అమెరికాలో రాబర్ట్ హాంప్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగమిది. బలవంతంగా పరీక్షకు దింపినప్పటి కన్నా, తామే కోరి దిగినప్పుడు రీసస్ కోతులు బొమ్మను ఎక్కువసార్లు సరిగ్గా గుర్తుపట్టాయి. జ్ఞాపకం సరిగా లేనప్పుడు తప్పుకున్నాయన్నమాట. నెగెటివ్ మార్కులకు జడిసి జేఈఈలో ప్రశ్న వదిలేసే విద్యార్థి చేసేదీ ఇదే. మరి కోతి బయటి ఆనవాలు దేన్నో పట్టుకుని ఉండొచ్చు కదా? హాంప్టన్ కొన్నిసార్లు అసలు బొమ్మే చూపించలేదు. గుర్తుంచుకోవడానికి ఏమీ లేని ఆ సందర్భాల్లో కోతులు పరీక్షను మరింత ఎక్కువగా వద్దనుకున్నాయి. ప్రయోగం అందమంతా ఈ మెలికలోనే ఉంది.

ఈ ఎరుక మెదడులో ఎక్కడ ఉంటుంది?

2009లో రూజ్‌బే కియానీ, మైకేల్ షాడ్లెన్ కోతులకు కదిలే చుక్కల గుంపును చూపించారు. అది ఎటు పోతోందో కోతి కంటిచూపుతో చెప్పాలి. కొన్నిసార్లు మూడో దారి కూడా ఇచ్చారు: బహుమతి తక్కువే, కానీ ఖాయం. మెదడులో పెరైటల్ అనే భాగంలోని కణాలు ఒక దిక్కుకు మొగ్గినప్పుడు జోరుగా, ఎదుటి దిక్కుకు మందంగా స్పందించాయి. కోతి ఖాయమైన దారి పట్టినప్పుడు ఆ జోరు నడిమధ్యన ఆగింది. నిర్ణయాన్ని మోసే కణాలే దాని మీది నమ్మకాన్నీ మోస్తున్నాయి. తీర్మానం అయిపోయాక పట్టుకునే పిరికితనం పేరే సందేహమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది తీర్మానంతో పాటే పుడుతోంది.

తప్పు జరిగిపోయాక పనిచేసే కణాలు వేరే ఉన్నాయి. ఆగమన్న సంకేతం వచ్చినా చూపు ఆపుకోలేని కోతుల మెదడు ముందు భాగంలో, ఆ పొరపాటుకు స్పందించే కణాలను జెఫ్రీ షాల్ బృందం 2000లో చూపింది. మనుషుల్లోనైతే, తప్పు మీట నొక్కిన సెకనులో పదో వంతు లోపే తల మీది ఎలక్ట్రోడ్లకు ఒక తరంగం అందుతుందని 1990ల తొలినాళ్లలోనే తేలింది. తప్పని ఎవరూ చెప్పకముందే!

కోతికి లోపల ఎలాంటి కలత కలుగుతుందో ఈ కణాలు చెప్పవు. కానీ తన తెలివిని తానే తూచుకోవడం మాటలు నేర్చిన మనిషి ఒక్కడి సొత్తు అన్న పాత గర్వం ఇక నిలబడదు.