బాలింత దిగులు, బిడ్డ పాలు



బాలింత ఏడవకూడదు, ఏడిస్తే పాలు విరిగిపోతాయని మన పల్లెల్లో అంటారు. కోపం మీద పాలిస్తే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయంటారు. దిగులు పెట్టుకుంటే పాలు ఎండిపోతాయంటారు. ఈ మాటలు అనేవారు చెడ్డవారు కారు. మన అమ్మలు, అత్తలు, పురుళ్ళు పోసిన పెద్ద ముత్తైదువలు. వారు కళ్ళారా చూసిందే చెబుతున్నారు. చూసింది చాలావరకు నిజమే గాని, దానికి చెప్పుకున్న కారణం సరైనది కాదు. ఆ తేడా తెలియక ఎందరో తల్లులు చంటిబిడ్డకు తమ పాలు మాన్పించి డబ్బా పాలు పడుతున్నారు.

గురువుకి బాలింతల సంగతి ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. జ్ఞానస్నానాలకనీ, ఇళ్ళు దీవించడానికనీ, మంచాన పడినవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికనీ ఇంటింటికీ తిరిగేవాడికి, ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎందుకు ఏడుస్తోందో కొంతైనా తెలియక తప్పదు. "పాలు నేవు బాబూ, ఎండిపోనాయి, ఏటి సేసేది?" అని నాతో అన్న తల్లులు ఒకరిద్దరు కారు. కాసేపు కూర్చుని మాట్లాడితే పాల కథ వెనుక మరో కథ బయటికి వస్తుంది. పెనిమిటి వేటకని గుజరాత్ వెళ్ళాడు, రెండు నెలలుగా డబ్బు లేదు. మూడో కాన్పూ ఆడపిల్లేనని అత్త ముఖం తిప్పుకుంది. పురిటి ఖర్చుకి తాకట్టు పెట్టిన పుస్తెలు ఇంకా విడిపించలేదు. పాలు లేవన్నది ఒక్క ముక్కలో చెప్పగలిగిన మాట. మిగిలినవన్నీ చెప్పుకోలేనివి.

పశువులున్న ఇంట పుట్టినవారికి ఒక మాట బాగా తెలుసు: చేపడం. పొదుగు నిండా పాలున్నా దూడను విడవందే ఆవు చేపదు. కొత్త మనిషి పాలు పితకడానికి కూర్చున్నా, కుక్క మొరిగినా, ఎవరైనా కర్ర ఎత్తినా ఎగజేపుతుంది. అప్పుడు ఆవుకి పాలు లేవని ఏ రైతూ అనడు. బెదిరిందంటాడు, గంగడోలు నిమురుతాడు, కాసేపు ఆగి మళ్ళీ దూడను విడుస్తాడు. ఆవు విషయంలో మనకున్న ఈ జ్ఞానం ఇంటి కోడలి విషయంలో ఏమైపోతుందో నాకు అర్థం కాదు.

తల్లిలోనూ జరిగేది ఇదే. పాలు తయారవడం ఒక పని, అవి బయటికి రావడం మరో పని. బిడ్డ చప్పరిస్తున్నప్పుడు తల్లి మెదడు అడుగునున్న గ్రంథి నుంచి రెండు రసాలు రక్తంలోకి వస్తాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ రొమ్ములోని సన్నని కండరాలను బిగించి ఆ పాలను ముందుకు నెడుతుంది. ఈ రెండోది మనసు మాట వింటుంది. బిడ్డ ఏడుపు వింటేనే, బిడ్డను తలుచుకుంటేనే కొందరికి రవిక తడిసిపోతుంది. భయం, నొప్పి, అవమానం వచ్చినప్పుడు అదే రసం కాసేపు ఆగిపోతుంది. పాలు లోపలే ఉంటాయి, చేపవు.

1948లో అమెరికాలో న్యూటన్ దంపతులు ఈ సంగతిని తూచి చూశారు. పరీక్షకు కూర్చున్న తల్లి ఆ ఇల్లాలే. ఆమె కాళ్ళు మంచునీళ్ళలో పెట్టించడం, బొటనవేలు నొప్పి పుట్టేలా లాగడం, లెక్కలు అడిగి కరెంటు షాకు ఇవ్వడం వంటివి చేస్తూ, ఆ సమయంలో బిడ్డ తాగిన పాలు ఎన్నో చూశారు. ఏ బాధా లేనప్పుడు సగటున 168 గ్రాములు తాగిన బిడ్డకు, తల్లిని బాధిస్తున్నప్పుడు 99 గ్రాములే దక్కాయి. అదే బాధ పెడుతూ ఆమెకు ఆక్సిటోసిన్ సూది వేస్తే 153 గ్రాములకు పెరిగాయి. అంటే పాలు ఎక్కడికీ పోలేదు. దారి మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఆ పరీక్షలో మంచునీళ్ళు వాడారు. మన ఇళ్ళలో వాటి అవసరం లేకుండా ఒక్క ఎత్తిపొడుపు మాట సరిపోతుంది.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత అక్వినాసు తోమాసు గారి బోధ మాకు నేర్పారు. ఆత్మ, దేహం కుండలో నీళ్ళలాగా రెండు వేరు వస్తువులు కావు, రెండూ కలిసే ఒక మనిషి అని. అప్పట్లో పరీక్ష కోసం వల్లె వేశాం. పాలిచ్చే తల్లిని చూస్తే ఆ పాఠానికి పుస్తకం అక్కరలేదు.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాలు రావడం ఆలస్యమైనందుకు బిడ్డ ఏడుస్తుంది. ఏడుపు విని తల్లి మరింత బెదురుతుంది. ఇంట్లోవారు సీసా తెస్తారు. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. బిడ్డ తాగకపోతే పాలు తయారవడం తగ్గిపోతుంది. వారం పది రోజులకు పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "మేం ముందే సెప్పినాం కదా" అంటారు! కోపం వల్ల పాలు విషం కావు, కన్నీటి వల్ల విరగవు. ఏడ్చిన తల్లి పాలు కూడా మంచి పాలే. కాన్పు కష్టమైనవారికి, ఆపరేషన్ అయినవారికి పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ రోజుల్లో వచ్చే నాలుగు చుక్కల ముర్రుపాలు పారబోయకుండా బిడ్డకు పట్టి, మాటిమాటికీ రొమ్ముకు అందిస్తూ ఉండాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో తరతరాలు కన్నబిడ్డల్లా సాకిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు. అలాంటి వేళ దయగల మనసుతోనే కొందరు పాలపొడి డబ్బాలు పంచాలనుకుంటారు. తుపాను దెబ్బకి తల్లులకు పాలు పోయి ఉంటాయని వారి ఊహ. పిల్లల పాలపొడి, పాలసీసాలు అనాథ శరణాలయాలకు తప్ప ఊరికే పంచిపెట్టకూడదని 1992 నాటి చట్టం చెబుతోంది. చట్టం సంగతి అటుంచండి. మురికినీళ్ళతో కలిపిన పొడిపాలు బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. ఇల్లు కూలిన తల్లికి కావలసింది తినడానికి అన్నం, తాగడానికి మంచినీళ్ళు, నలుగురి కళ్ళూ పడకుండా బిడ్డను ఒళ్ళో పెట్టుకోవడానికి ఒక మూల, పక్కన ఒక ఆడతోడు. ఇవి దొరికితే గుడారంలోనైనా పాలు చేపుతాయి.

అదే ఏడాది చివర గుజరాత్ నుంచి వేటకు వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం జాలరులు పాకిస్తాన్ వారికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళలోని ఆడవారు ఏం తిన్నారో, ఎలా నిద్రపోయారో ఊహించండి. మన తీరంలో తుపాను ఒక్క రోజు కాదు, కొన్ని ఇళ్ళలో ఏడాదంతా ఉంటుంది.

దివ్యగ్రంథంలో ఇలాంటి తల్లి ఒకరున్నారు. నిర్గమకాండము 2వ అధ్యాయం చదవండి. మగబిడ్డలను నైలునదిలో పారవేయమని రాజాజ్ఞ. బయట రాజభటుల భయం, లోపల నెలల బిడ్డ. ఆ ఇల్లాలు మోషేను మూడు నెలలు దాచి పెంచింది. బిడ్డ ఏడిస్తే ప్రాణం పోయే ఇంట్లో ఆమె పాలివ్వగలిగింది. ఎలా? భయం లేక కాదు. ఆమె పక్కన మనుషులున్నారు. పెద్దకూతురు ఏటి గట్టున కాపలా కాసింది, రాజకుమార్తె దగ్గరకు వెళ్ళి మాట్లాడింది, చివరికి ఆ తల్లినే జీతమిచ్చి దాదిగా పిలిపించింది. ఒక్క బిడ్డ పాల కోసం ఇంతమంది నడిచారు.

మగవారు 1 సమూవేలు మొదటి అధ్యాయం చదవాలి. ఎల్కానా ఏటేటా కుటుంబంతో బలి అర్పించడానికి షిలో వెళ్ళేవాడు. హన్నా మాత్రం బిడ్డ పాలు మానేదాకా నేను రానంది. ఎల్కానా కాదనలేదు, నీకు ఏది మంచిదనిపిస్తే అదే చెయ్యమన్నాడు. (అంతకుముందు ఆమె ఏడుస్తుంటే, నేను లేనా నీకు అన్నట్టు మాట్లాడినవాడే!) పాలిచ్చే తల్లి కోసం దేవుని మందిరానికి వెళ్ళే యాత్రనే ఆ ఇంట్లో వాయిదా వేసుకున్నారు. మనం చీరెలు ఉతకడం, నీళ్ళు మోయడం, చుట్టాలకు వంట చేయడం వాయిదా వేయలేమా?

అత్తగార్లకు ఒక మనవి. పాలసొర వండి పెట్టండి, వెల్లుల్లి కారం పెట్టండి, మంచిదే. కాని పాలసొర కూర ముందు పెట్టి "దీనికి పాలే నేవు" అని పొరుగింటామెతో అంటే ఆ కూర ఏం చేయగలదు? కోడలి దగ్గర కాసేపు కూర్చుని వీపు నిమరండి. బిడ్డను ఆమె గుండెకు ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టండి. రాత్రి బిడ్డ ఏడిస్తే మీరూ ఒకసారి లేవండి.

కాన్పయ్యాక రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడబుద్ధి కాకపోతే, అది దెయ్యమూ కాదు, భక్తి తక్కువై వచ్చిందీ కాదు. జబ్బు. వైద్యముంది. ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడేవారున్నారు. ప్రార్థన కోసం నా దగ్గరకు తప్పక తీసుకురండి, డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళ్ళండి. ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులు కొందరుంటారు. వారు డాక్టరు చెప్పినట్టు పోత పాలు పట్టవచ్చు, అందులో పాపం లేదు, తల్లితనానికి వచ్చే లోటూ లేదు. యెషయా ప్రవక్త 49వ అధ్యాయంలో దేవుడు తన ప్రేమను పాలిచ్చే తల్లి ప్రేమతో పోల్చుకున్నాడు. అయితే తల్లి మరచినా తాను మరువనన్నాడు. అలసిన తల్లి బరువు మోసేది కూడా ఆయనే.

మన దేవాలయాల్లో ఒక చెడ్డ అలవాటుంది. పూజలో బిడ్డ ఏడిస్తే పదిమంది తలలు వెనక్కి తిరుగుతాయి. ఆ తల్లి సిగ్గుతో ఎండలోకి వెళ్ళిపోతుంది. దివంగత ఫ్రాన్సిస్ పోపు గారు 2017 జనవరిలో సిస్టైన్ దేవాలయంలో జ్ఞానస్నానాలిస్తూ, బిడ్డలకు ఆకలేస్తే మరియమాత యేసుబాలునికి ఇచ్చినట్టే ఇక్కడే నిర్భయంగా పాలివ్వమని తల్లులతో అన్నారు. పోపు గారి ఎదుట తప్పు కానిది మన పల్లె గుడిలో ఎలా తప్పవుతుంది? ఈ ఆదివారం నుంచి మా విచారణ గుడిలో ఆడవారి వైపు, ఫ్యాను కింద, గోడ పక్కనున్న బెంచీ చంటిబిడ్డల తల్లులకు విడిచిపెడుతున్నాం. మరియదళం సభ్యులు అక్కడ మంచినీళ్ళ బిందె, గ్లాసు ఉంచుతారు. బెంచీ మీద ఇంకెవరూ కూర్చోకుండా చూసే పని ఉపదేశి గారిది.